పాసు చీటీ నుంచి ఫైను రసీదు దాకా

ఈ పోస్టు కొంచెం పెద్దదే. హాస్టల్లో రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి. మొదట మాకు జరిగిన ఒక చిన్న అవమానం చెప్తాం. ఆ తరువాత దాని వెనకాల ఉన్న నూట యాభై ఏళ్ళ కథ చెప్తాం.

పండక్కి ఊరికి పోయి తిరిగి హాస్టల్‌కి వస్తున్నాం, నలుగురం. స్టేషన్‌లో టికెట్ కిటికీ ఒక్కటే తెరిచి ఉంది, ముందు యాభై మంది దాకా ఉన్నారు. బండి వచ్చేసింది. మర్నాడు ఇంటర్నల్ పరీక్ష. "ఎక్కేద్దాం అన్నా, ఎవరు చూస్తరు" అన్నాడు మాలో చిన్నోడు. ఎక్కేశాం. గంట తరువాత జంక్షన్‌లో చెకింగ్ వాళ్ళు పట్టుకున్నారు. మేము ఎక్కిన చోటు నుంచి అయితే టికెట్ పాతిక రూపాయలు. ఎక్కడ ఎక్కామో రుజువు లేదు కాబట్టి బండి బయలుదేరిన మొదటి స్టేషన్ నుంచి లెక్క కట్టారు, 60 రూపాయలు. దాని మీద 250. మనిషికి 310, నలుగురికి కలిపి 1240. చిన్నోడి జేబులో వాళ్ళ నాన్న మిర్చి కోతల కూలి డబ్బులోంచి ఇచ్చిన మెస్ బిల్లు ఉంది. అది తీసి కట్టాం, రసీదు తీసుకున్నాం.

ఇంత వరకూ తప్పు మాదే. దానికి సాకులు చెప్పం. టికెట్ కొనకుండా ఎక్కాం, దొరికాం, కట్టాం. కానీ ఆ తరువాత జరిగింది మర్చిపోలేకపోతున్నాం. మేము ఏ ఊరివాళ్ళమో అడిగి తెలుసుకున్న ఒక పెద్దమనిషి, పక్కన నిలబడి చూస్తున్న ప్రయాణికుడే, అందరికీ వినపడేట్టు అన్నాడు: "ఈ తండాలోళ్ళు, గూడేలోళ్ళు ఇంతే. వీళ్ళకి టికెట్ కొనే అలవాటే లేదు." అదే బోగీలో మాతో పాటు దొరికినవాళ్ళు ఇంకో ఆరుగురు ఉన్నారు. వాళ్ళ ఊరేదని ఎవరూ అడగలేదు. వాళ్ళది పొరపాటు, మాది అలవాటు అయింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాం, ఇంటికి ఫోన్లు చేసి పెద్దోళ్ళని అడిగాం. తేలింది ఏంటంటే, ఈ దేశంలో చీటీ లేకుండా ఊరు దాటినందుకు జైలు చూసినవాళ్ళు మన పూర్వీకులే. అది రైలు టికెట్ కాదు, పాసు. ఆ పాసుకీ రైలుకీ దగ్గరి సంబంధం ఉంది.

రైలు రాకముందు బండ్లు ఎవరివి?

రైలు రాకముందు ఈ దేశంలో సరుకు ఎట్లా నడిచేది? ఎద్దుల మీద, గాడిదల మీద. ఆ ఎద్దులు ఎవరివి? లంబాడీలవి, అంటే బంజారాలవి. వేల ఎద్దులతో బారులు తీరి ధాన్యం, ఉప్పు, నూనెగింజలు మోసుకుంటూ ఉత్తరాది నుంచి దక్కను దాకా తిరిగారు. మొఘల్ సైన్యాలకు గింజలు చేర్చింది వాళ్ళే. తరువాత ఆర్థర్ వెల్లెస్లీ దక్కనులో యుద్ధాలు చేసినప్పుడు ఇంగ్లీషు సైన్యానికి తిండి చేర్చింది కూడా వాళ్ళే. మన సేవాలాల్ మహరాజ్ పుట్టింది అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతంలో అని పెద్దోళ్ళు చెప్తారు కదా. ఆయన కథల నిండా కూడా ఆవుల మందలు, ఎద్దుల బారులే.

కోస్తా నుంచి లోపలి జిల్లాలకు ఉప్పు చేర్చింది ఎరుకలవాళ్ళు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని పోయి, తిరిగి వచ్చేటప్పుడు ధాన్యం, చింతపండు, అడవి సరుకు తెచ్చేవాళ్ళు. వాళ్ళలో తెగల పేర్లు చూడండి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల. ఏ పేరులోనూ దొంగతనం లేదు. అన్నీ పనుల పేర్లు, సరుకుల పేర్లు. ఏడాదిలో ఏ నెలలో ఏ ఊరికి వస్తారో ఆ ఊరి రైతుకి తెలుసు. వాళ్ళ కోసం ఎదురుచూసేవాడు.

1853లో బొంబాయి నుంచి ఠాణే దాకా మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. 1856లో మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణాదిలో మొదటి రైలు. 1871లో మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా వెళ్ళిన లైను, బొంబాయి నుంచి వచ్చిన లైను రాయచూరులో కలిశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి, 1889 నాటికి సికింద్రాబాద్ నుంచి బెజవాడకి లైను పడింది. సేవాలాల్ తిరిగిన గుత్తి పక్కనుంచే రైలు పోయింది. నెలల తరబడి ఎద్దులు మోసే సరుకు రెండు మూడు రోజుల్లో వ్యాగన్లలో చేరిపోయింది. ఉప్పు మీద అప్పటికే 1805 నుంచి మద్రాసులో కంపెనీ గుత్తాధిపత్యం ఉంది. ఇప్పుడు ఆ ఉప్పు మోసే పని కూడా పోయింది.

పని పోతే అడవి ఉంది కదా అనుకుందాం. రైలు పట్టాల కింద వేసే చెక్క దిమ్మలు ఎక్కడివి? అడవివే. ఒక మైలు పట్టాకి 1760 నుంచి 2000 దిమ్మలు కావాలి. 1850ల్లో ఒక్క మద్రాసు ప్రెసిడెన్సీలోనే దిమ్మల కోసం ఏడాదికి 35,000 చెట్లు నరికారని మన స్కూలు పుస్తకాల్లోనే ఉంది. చెట్లు అయిపోతున్నాయని భయం పట్టుకుంది, 1864లో అటవీ శాఖ పుట్టింది. 1865లో ఒక చట్టం, 1878లో ఇంకోటి, మద్రాసుకి 1882లో ప్రత్యేకంగా అటవీ చట్టం. పోడు కొట్టొద్దు, మేత మేపొద్దు, వెదురు ముట్టొద్దు. నరికింది వాళ్ళు, కాపలా పెట్టింది మన మీద. మధ్యలో 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిలో లక్షల మందిని మింగిన పెద్ద కరువు. మన తాతలు ధాత కరువు అనేది దాన్నే. ఎద్దులు చచ్చిపోయాయి. బారు కట్టడానికి ఏమీ మిగల్లేదు.

తిరిగితే నేరం

ఇక్కడ ఒక తారీఖు గుర్తుపెట్టుకోండి. రెండు రైలు లైన్లు రాయచూరులో కలిసిన 1871లోనే ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిలో అమలు చేశారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. 1924లో మళ్ళీ అన్నీ కలిపి ఒక చట్టం చేశారు.

ఈ చట్టంలో ఏముంది? ఒక తెగ మొత్తాన్ని "నేరస్థ తెగ" అని గెజిట్‌లో ప్రకటించవచ్చు. ఆ తెగలో పుట్టడమే చాలు, ఏ నేరమూ చేయనక్కర్లేదు. పేర్లు రిజిస్టర్‌లో రాస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకి పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి. ఫలానా హద్దు దాటొద్దు అని ఆజ్ఞ వేస్తారు. దాటాలంటే పాసు కావాలి. ఎక్కడికి, ఎన్ని రోజులు అన్నది ఆ పాసు షరతుల్లోనే ఉండేది. పాసు లేకుండా హద్దు బయట కనపడినా, పాసులో లేని చోట, లేని వేళ కనపడినా వారంటు అక్కర్లేదు. పోలీసే కాదు, ఊరి మునసబు, ఊరి కాపలావాడు కూడా పట్టుకోవచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక మనిషి చుట్టాల పెళ్ళికి పక్క తాలూకాకి పోవాలి. జేబులో రైలు టికెట్ ఉంది, డబ్బు పెట్టి కొన్నాడు. అయినా పాసు లేకపోతే నేరస్థుడే. టికెట్ లేని ప్రయాణికుడికి జరిమానా పడితే, టికెట్ ఉన్న మన తాతకి జైలు.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలవాళ్ళను, కొన్ని జిల్లాల్లో సుగాలీలను, నెల్లూరు వైపు యానాదులను ఈ చట్టం కిందికి తెచ్చారు. చాలామందిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల పక్కన స్టువర్టుపురం, కృష్ణ ఒడ్డున సీతానగరం, నెల్లూరు జిల్లాలో కావలి, బిట్రగుంట. కొన్నింటిని సాల్వేషన్ ఆర్మీ నడిపింది, కొన్నింటిని బాప్టిస్టు మిషన్. స్టువర్టుపురం అనే పేరు కూడా సర్ హెరాల్డ్ స్టువర్ట్ అనే ఇంగ్లీషు అధికారిది. అక్కడివాళ్ళు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలికి పోయేవాళ్ళు. ఈ ఊరికి రైల్వే స్టేషన్ ఉంది. బిట్రగుంట అయితే పేరున్న రైల్వే కాలనీ. రైలు కళ్ళ ముందే పోతుంటుంది, పాసు లేకుండా ఎక్కకూడదు. రైలు వల్ల బతుకు పోయినవాళ్ళను తీసుకెళ్ళి రైలు పట్టాల పక్కనే కాపలాలో కూర్చోబెట్టారు.

మా స్నేహితురాలు ఒకామెది ఎరుకల కుటుంబం. ఈ పోస్టు కోసం ఆమె వాళ్ళ నానమ్మకి ఫోన్ చేసింది. నానమ్మ వాళ్ళ నాన్న దగ్గర విన్న మాట ఇది: "చీటీ తడవకూడదని తలపాగాలో పెట్టుకునేటోడంట. అన్నం మూట పోయినా పర్లేదు గాని, చీటీ పోతే మనిషే పోయినట్టు అనేవోడు." ఈ మాట విన్నాక మేము చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

ఈ చట్టం మీద మనవాళ్ళు, మన మేలు కోరినవాళ్ళు చాలా ఏళ్ళు పోరాడారు. నెల్లూరులో యానాదుల కోసం వెన్నెలకంటి రాఘవయ్య గారు చేసిన పని మరువలేనిది. 1947లో మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలో రద్దు చేసింది. దేశం మొత్తం మీద పరిశీలించడానికి 1949లో వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తెలుగు జిల్లాల నుంచి వెళ్ళిన అనంతశయనం అయ్యంగార్ గారు. చివరికి 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త దినం అంటారు. ఆగస్టు 15 తరువాత ఐదేళ్ళ దాకా ఇంకా కొన్ని లక్షల మందికి స్వాతంత్ర్యం రాలేదన్నమాట.

డబ్బున్నా టికెట్ ఇవ్వని రోజు

ఇది మన తెలుగు నేల మీది కథ మాత్రమే కాదు. 1855లో సిద్ధూ, కాన్హూ నాయకత్వంలో సంతాలులు తిరగబడినప్పుడు వడ్డీ వ్యాపారులు, జమీందార్లతో పాటు రాజమహల్ కొండల దగ్గర రైలు లైను వేస్తున్న తెల్ల కాంట్రాక్టర్ల దౌర్జన్యాలు కూడా వాళ్ళ కోపానికి కారణం. పట్టాలు పూర్తిగా పడకముందే పట్టాలతో మన గొడవ మొదలైంది.

తరువాత అదే రైలు చోటా నాగ్‌పూర్ ఆదివాసులను, బీహార్, యూపీ, ఒరియా, తెలుగు జిల్లాల పేదలను అస్సాం టీ తోటలకు మోసుకుపోయింది. పోయేటప్పుడు ఏజెంట్లే టికెట్ కొనేవాళ్ళు. తిరిగి వచ్చే టికెట్ మాత్రం ఎవరూ కొనలేదు. 1921 మే నెలలో సుర్మా లోయలోని చర్‌గోలా తోటల కూలీలు వేల మంది "ఈ కూలికి బతకలేం, ఇంటికి పోతాం" అని బయటికి వచ్చేశారు. స్టేషన్‌లో వాళ్ళకి టికెట్లు ఇవ్వకుండా ఆపారు. పిల్లా పాపలతో రైలు పట్టాల వెంట నడిచారు. చాంద్‌పూర్ చేరి స్టీమర్ కోసం స్టేషన్‌లో పడుకున్నవాళ్ళ మీద మే 20 రాత్రి గూర్ఖా సైనికులను వదిలారు. తరువాత కలరా వచ్చి చాలామంది చనిపోయారు. ఆ దెబ్బలు చూసి అస్సాం బెంగాల్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి. రైలు నడిపేవాళ్ళు అందరూ మనకి ఎదురుగా నిలబడలేదు. కూలీల కోసం తమ జీతాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక మన అరకు లోయలోకి రైలు వచ్చింది. కొత్తవలస – కిరండూల్ లైను. 58 సొరంగాలు. ఎంత అందమైన దారో ఇప్పుడు టూరిస్టులు వీడియోలు తీస్తుంటారు. కానీ 1960ల్లో ఆ లైను వేసింది బస్తర్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కి పంపడానికి. ఖనిజం కోసం వేసిన లైను మీద మనుషుల కోసం ప్యాసింజరు నడిచింది. అరకు, బొర్రా, శిమిలిగూడ వైపు మన అవ్వలు బుట్టలు పట్టుకుని ఎక్కేది ఆ బండే. కొండ తవ్వి తీసిన రాయికి ప్రత్యేక దారి, కొండ మీది మనిషికి ఆ దారిలో మిగిలిన చోటు.

ఇప్పటి చట్టం ఏమంటుంది?

ఇంత చెప్పింది "అందుకే మనం టికెట్ కొనొద్దు" అనడానికి కాదు. అట్లా అనుకుంటే పోస్టు మొత్తం వృథా. ఇప్పటి చట్టం మనల్ని పుట్టుక చూసి పట్టుకోదు, టికెట్ చూసి పట్టుకుంటుంది. ఆ తేడా కోసమే మన పెద్దోళ్ళు అంత పోరాడింది. అందుకే ఈ చట్టం మనకి తెలిసి ఉండాలి.

ఇంగ్లీషోళ్ళ 1890 చట్టం స్థానంలో 1989 రైల్వే చట్టం వచ్చింది. దాంట్లో మనకి కావాల్సినవి ఇవి:

సెక్షన్ 138: టికెట్ లేకపోయినా, సరైన టికెట్ లేకపోయినా, టికెట్ ఉన్న దూరం దాటి పోయినా, చార్జీతో పాటు అదనపు రుసుము కట్టాలి. ఆ రుసుము మామూలు చార్జీ అంత, లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. ఇదివరకు ఇది 50 ఉండేది, 2004 నుంచి 250 అయింది. ఎక్కిన స్టేషన్ ఏదో అనుమానం ఉంటే బండి బయలుదేరిన చోటు నుంచి లెక్క. మాకు జరిగింది ఇదే. మేము "ఫైను" అంటున్నది నిజానికి ఈ అదనపు రుసుమే.

అది కట్టకపోతే విషయం మేజిస్ట్రేట్ దగ్గరికి పోతుంది. అప్పుడు కూడా కట్టకపోతే పది రోజుల నుంచి నెల దాకా జైలు వేయవచ్చు.

సెక్షన్ 137 వేరు. మోసం చేయాలనే ఉద్దేశంతో ఎక్కితే ఆరు నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత టికెట్ మళ్ళీ వాడటం లాంటివి ఇందులోకి వస్తాయి. దయచేసి ఆ జోలికి పోవద్దు. కోర్టు కేసు మీద పడితే రేపు ఉద్యోగం వచ్చినప్పుడు వెరిఫికేషన్‌లో మీరే సమాధానం చెప్పుకోవాలి.

సెక్షన్ 55: టికెట్ కొనే వీలు లేకపోతే, ఎక్కే ముందే గార్డుకో అధికారం ఉన్న సిబ్బందికో చెప్పి, తరువాత చార్జీ కడతానని అనుమతి చీటీ తీసుకుని ఎక్కే దారి ఉంది. మేము ఆ రోజు ఇది చేసి ఉంటే 25 రూపాయలతో పోయేది. ఎవరూ చెప్పలేదు, మేము అడగలేదు.

సెక్షన్ 139: టికెట్ లేదని ఒంటరిగా ఉన్న ఆడపిల్లని, చిన్నపిల్లల్ని మధ్యలో ఏదో చిన్న స్టేషన్‌లో రాత్రిపూట దింపేయకూడదు. ఎక్కిన చోటో, జంక్షనో, ఆఖరి స్టేషనో, జిల్లా కేంద్రమో అయి ఉండాలి, అదీ పగటి పూటే. చెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట. ప్యాసింజరు టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కినా "సరైన టికెట్ లేనట్టే". కరోనా తరువాత చాలా ప్యాసింజర్లకు ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టి, పది రూపాయల కనీస చార్జీని ముప్పై చేశారు. 2024లో మళ్ళీ తగ్గించారు. ఆ గందరగోళంలో మన పల్లెలోళ్ళు చాలామంది టికెట్ కొని కూడా కట్టారు. బండి నంబరు చెప్పి టికెట్ అడగడం అలవాటు చేసుకోండి.

ఇక అసలు బాధ ఇది. ఎస్టీ విద్యార్థులకు సొంతూరికి పోయి రావడానికి సెకండ్ క్లాసులో చార్జీలో 75 శాతం రాయితీ ఉంది. కాలేజీ నుంచి కన్సెషన్ ఫారం తీసుకుని కౌంటర్లో ఇవ్వాలి. ఇల్లు, కాలేజీ మధ్య రోజూ తిరిగేవాళ్ళకి ఆడపిల్లలకైతే డిగ్రీ దాకా, మగపిల్లలకైతే ఇంటర్ దాకా సెకండ్ క్లాసు నెల పాసు ఉచితం. మా నలుగురిలో ఒక్కరికీ ఈ సంగతి తెలీదు. పాతిక రూపాయల టికెట్టు మాకు అందులో పావు వంతుకే వచ్చేది. ఆ కొంచెం డబ్బు కోసం 310 కట్టాం, ఒక మాట పడ్డాం.

చివరిగా

చిన్నోడి మెస్ బిల్లు నలుగురం పంచుకుని వారంలో కట్టేశాం. ఆ రసీదు మాత్రం వాడు పారేయలేదు, పుస్తకంలో పెట్టుకున్నాడు. ఎందుకురా అంటే, "అన్నా, దీని మీద నేను చేసిన తప్పు మాత్రమే ఉంది. మా కులం, మా తండా రాసి లేవు" అన్నాడు. వాడి మాట విన్నాక ఈ పోస్టు రాయాలనిపించింది.

మన ముత్తాతల పాసు మీద వాళ్ళ పుట్టుకే నేరంగా రాసి ఉండేది. మన రసీదు మీద మన పొరపాటు ఒక్కటే ఉంది. ఆ బోగీలో పెద్దమనిషి ఆ రెండింటినీ మళ్ళీ కలిపేయాలని చూశాడు. ఇంకోసారి ఎవరైనా అట్లా అంటే గొడవ పడకండి. ముందు మీ టికెట్ చూపించండి, తరువాత ఈ కథ చెప్పండి. టికెట్ జేబులో ఉంటేనే ఈ కథ చెప్పడానికి నోరు వస్తుంది. మాకు ఆ రోజు రాలేదు.

సీనియర్లకు ఒక పని. ఈ వారంలో మీ హాస్టల్లో కన్సెషన్ ఫారం ఎట్లా తీసుకోవాలో జూనియర్లకి చూపించండి. మీ ఇళ్ళల్లో ముసలోళ్ళు ఉంటే చీటీల సంగతి, హాజరు సంగతి అడిగి రాసి పెట్టండి. ఆ తరం వెళ్ళిపోతోంది. వాళ్ళు తలపాగాలో దాచుకున్న చీటీలు ఇప్పుడు ఎక్కడా దొరకవు, మాటలైనా దక్కించుకుందాం.

జోహార్ ఆదివాసీ వీరులకు. జై సేవాలాల్.